పన్నెండు సూదులు

"తొందరేం లేదులెండి, అక్కయ్యగారూ. అసలు కుట్టకపోయినా ఫర్వాలేదు. గుడ్డ ఇచ్చేస్తే చాలు."

నర్సమ్మ గుమ్మంలోనే నిలబడి అంది. ఏళ్ళ తరబడి ఆ ముందు గదిలోకి నేరుగా వచ్చి స్టూలు లాక్కుని కూర్చునే మనిషి, ఇవాళ గడపకి అవతలే ఆగిపోయింది. ఈ వారంలో ఇలా వచ్చినవాళ్ళలో ఈవిడ మూడోది. మొదటావిడ పరదాలు పట్టుకుపోయింది. రెండో ఆవిడ సగం కుట్టిన గౌనుని పిన్నులతో సహా చుట్టబెట్టుకుపోయింది.

వంటగది తలుపు వెనక నిలబడి ప్లీడరమ్మ అంతా వింటోంది. ప్లీడరమ్మ అంటే నల్లకోటు ప్లీడరేం కాదు, కాలేజీలో రెండో ఏడు చదువుతున్న పిల్ల. మాటకి మాట అప్పజెబుతుందని అయిదో ఏట మేనత్త పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది. ఆ మేనత్తే ఇప్పుడు ముందు గదిలో గుడ్డల మూటలు తడుముతోంది.

తడుముతోందంటే నిజంగానే తడుముతోంది. ఒక్కో మూటకి ఒక్కో రకంగా పీలిక కట్టుకుంది. ఒంటి ముడి బడిపిల్లల బట్టలు, జంట ముడి ఆసుపత్రి కోట్లు. వేళ్ళతో ముళ్ళు చూసుకుని ఒక మూట ఠక్కున లాగింది.

"ఇదిగో నీ కోట్లు రెండూ. ఇంకా కత్తెర పెట్టలేదు, బతికిపోయావు."

"కళ్ళు జాగ్రత్తండీ," అని నోరు జారింది నర్సమ్మ.

"నా కళ్ళకేమైందే? నువ్వు ఒళ్ళు చేశావన్న సంగతి ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది."

నర్సమ్మ నవ్వబోయి మానేసింది. ఆ నవ్వు మానెయ్యడం ప్లీడరమ్మకి తలుపు వెనక కూడా వినపడినట్టే అయింది.

"అది సరేగానీ, మీరుండే ఆడవాళ్ళ హాస్టల్లో గది ఖాళీ ఉందా?" అంది అత్త.

"ఎవరికండీ?"

"ఎవరో ఒకరికి. అడిగినదానికి చెబుదూ."

"మేడమీద ఒకటుంది. కానీ మా వార్డెనమ్మ కొరకరాని కొయ్య. ఎవరి పని వాళ్ళు చేసుకోగలిగితేనే రానిస్తుంది. కాలు కుంటినా, కన్ను మసకైనా..." నర్సమ్మ నాలిక కరుచుకుంది. "ఎందుకు చేర్చుకోవాలో ఒక ఉత్తరం రాసివ్వమంటుందండీ. అది నచ్చితేనే పిలుస్తుంది."

"ఉత్తరమా! ఈ ఇంట్లో ఉత్తరాలకేం కరువు?" అంది అత్త, వంటగది వైపు తల తిప్పకుండానే.

*

"అత్త కళ్ళ సంగతి నర్సమ్మకి ఎవరు చెప్పారమ్మా?"

"నేనే చెప్పాను," అంది అమ్మ. కూరలు తరిగే చెయ్యి ఆగలేదు. "ఏం, అబద్ధం చెప్పానా? నీ కాగితంలో ఉన్నదే చెప్పాను."

"ఆ కాగితం నీకోసం రాసింది కాదు."

"మీ నాన్నకోసం రాశావు. మొదటి ముక్కే 'నాన్నా' అని ఉంది. నా వంటబల్ల మీద పుస్తకాలు పరుచుకు పోతావు, సర్దబోతే దొరికింది. ఎవరికి రాసిందో వాళ్ళకి అందించాను. పోస్టుమాను చేసే పనేగా?"

"అది అభ్యాసం! పది రోజుల్నుంచి నెత్తీ నోరూ బాదుకుంటున్నాను. ఒప్పించే రాత నేర్పుతున్నారు మాకు. ఒకే మనిషికి రెండు ఉత్తరాలు రాయాలి. మొదటిది మనం నమ్మని పక్షం, రెండోది నమ్మిన పక్షం. అవతలివాళ్ళ వాదన గట్టిగా చెప్పగలిగినవాళ్ళే మన వాదన నిలబెట్టగలరని మా మాస్టారి పద్ధతి. నాటకంలో దొంగ వేషం వేస్తే దొంగనైపోతానా?"

"మరి మీ మాస్టారు ఎర్ర సిరాతో ఏమని రాశాడు? 'చదివినవాడు కాదనలేడు' అని. కాలేజీలో అంత చదువుకున్నాయనే కాదనలేకపోయాక, మాలాంటి వాళ్ళం కాదంటామా?"

"అది రాత గురించి అన్నమాట అమ్మా, అత్త గురించి కాదు!"

"రాత వేరూ అత్త వేరూనా? అత్తని ఇంట్లోంచి పంపెయ్యమని అంతా అత్త గురించేగా రాశావు!"

ఈ అడ్డదిడ్డపు వాదనకి ఏ మాస్టారు మాత్రం జవాబు చెప్పగలడు? ప్లీడరమ్మ నుదురు కొట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పైగా ఆ చేతులు కాల్చిన నిప్పుని తనే చక్కగా ఊది రాజేసింది.

అమ్మ కత్తి పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది.

"అందులో ఒక మాట నాకు కంఠతా వచ్చేసింది. 'అమ్మకి ఈ ఇంట్లో నిలబడడానికి చోటుంది, కూర్చోడానికి లేదు.' ఇరవై రెండేళ్ళ కాపురం చేశాను. నా గురించి అంత చక్కగా ఎవరూ ఒక్క ముక్క అనలేదు. మీ నాన్న అనలేదు, నన్ను కన్నవాళ్ళూ అనలేదు." కళ్ళు తుడుచుకుంది. "చెప్పవే. ఆ మాట కూడా నమ్మకుండానే రాశావా?"

ప్లీడరమ్మ కింద పడ్డ కూరముక్క ఏరి బల్ల మీద పెట్టింది. నమ్మలేదంటే అమ్మ గుండె పగులుతుంది. నమ్మానంటే ఉత్తరమంతా నిజమైపోతుంది.

అమ్మ మళ్ళీ కత్తి అందుకుంది. "వదినంటే నాకు కక్షేం లేదు. మీ నాన్న అన్నీ కనుక్కున్నాడు. వృద్ధాశ్రమంలో వేళకి తిండి పెడతారట, చెయ్యి పట్టుకు నడిపిస్తారట. ఆ గదిలో నీ బల్ల ఒక పక్క వేసుకో. రెండో పక్క నేనో కుర్చీ వేసుకుంటాను. అంతేగా నువ్వు రాసింది!"

అవును, అంతే రాసింది. కుర్చీ ఏ పక్కనో కూడా రాసింది.

*

ఆ ఉత్తరంలో ప్రాణం పోసిన సంగతి మాత్రం బల్లా కాదు, కుర్చీ కాదు. సూదులు.

రెండేళ్ళుగా అత్తకి దగ్గరి చూపు పోతోంది. మనుషులు కనిపిస్తారు, గుమ్మం కనిపిస్తుంది, సూది బెజ్జం కనిపించదు, అచ్చు అక్షరం అసలే కనిపించదు. యాభై ఆరేళ్ళకే ఇలా అయిందంటే ఎవరూ గుడ్డ ఇవ్వరని ఎవరికీ చెప్పలేదు, ప్లీడరమ్మకి తప్ప. రోజూ పొద్దున్నే కాలేజీకి వెళ్ళేముందు ప్లీడరమ్మ ముందు గదిలోకి దూరి, మిషనుకి దారం ఎక్కించి, పన్నెండు సూదులకి దారాలు ఎక్కించి వరసగా దిండుకి గుచ్చి వెళ్ళేది. ఆ పన్నెండుతోనే గుండీలు, కాజాలు, అంచులు అన్నీ అయిపోవాలి. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే, ఏమే, అనేది అత్త. ఇద్దరూ దొంగల్లా నవ్వుకునేవారు.

"మీకు మాత్రమే తెలిసింది ఒకటి ఉత్తరంలో పెట్టండి," అన్నాడు రచన మాస్టారు. "చదివేవాడికి తెలియనిది. అది పడ్డాక ఇక వాడు తప్పించుకోలేడు."

మంచి విద్యార్థిని కదా, పెట్టేసింది.

ఇప్పుడు పొద్దున్నే వెళ్తే సూదుల దిండు అత్త ఒళ్ళో ఉంటోంది. కిటికీ వెలుగుకి ఎదురుగా కూర్చుని, దారం కొస నాలికతో తడిపి, బెజ్జం వైపు పొడుస్తుంది. పక్కకి పోతుంది. మళ్ళీ తడుపుతుంది. మళ్ళీ పోతుంది. వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుంటుంది.

"ఇలా ఇయ్యత్తా."

అత్త సూదితో మాట్లాడింది. "ఏం తల్లీ, నీకూ టెక్కేనా? పొద్దున్నించీ బతిమాలించుకుంటున్నావు!"

"అత్తా, కాళ్ళు పట్టుకుంటాను."

"పరాయివాళ్ళు చూస్తే సిగ్గుపడుతున్నావా? పడకు, పడకు. ఆవిడ వెళ్ళిపోతుందిలే." అది కూడా సూదితోనే.

పరాయివాళ్ళు! ఉత్తరం బయటపడి, అత్త చెవిన కూడా పడి పది రోజులు. ఈ పది రోజుల్లో అత్త తమ్ముడితో మాట్లాడింది, మరదలితో నవ్వుతూ మాట్లాడింది, పాలవాడితో పరాచికాలాడింది. ప్లీడరమ్మతో మాత్రం ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది.

*

నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి సాయంత్రమైంది. బస్సు డిపోలో టైమ్‌కీపరు ఆయన. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాసుకోవడమే గానీ, ఎందుకు ఆలస్యమైందని అడిగే అలవాటు లేని మనిషి.

"నాన్నా, ఆ ఉత్తరం ఇచ్చెయ్యండి. చింపేస్తాను."

ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "మూడుసార్లు చదివాను."

"అదంతా నిజం కాదు నాన్నా."

"కాదా?" ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు. పెన్ను మూత తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఏది అబద్ధమో దాన్ని కొట్టెయ్యి. మిగిలినదాన్ని బట్టే నేను నడుచుకుంటాను."

ప్లీడరమ్మ పెన్ను పట్టుకుని తన అక్షరాల మీదికి వంగింది.

"అత్త ఈ ఇంట్లో ఉండడం మన దయ అనుకుంటున్నాం. దయ కాదు నాన్నా, భయం. పంపిస్తే నలుగురూ ఏమంటారోనని." పెన్ను దాని మీద ఆగింది. నిజమే కదా. ఇంకో వాక్యం మీదికి పోయింది. "పన్నెండు సూదులూ అయిపోయి, మిషను దారం కూడా తెగిపోతే, అత్త నేను వచ్చేదాకా ఉత్తి మిషను తొక్కుతుంది. పని జరుగుతోందని ఇంట్లోవాళ్ళు అనుకోవాలి కదా." అదీ నిజమే. మూడు పేజీలూ వెతికింది. పెన్ను ఒక్కచోట కూడా దిగలేదు.

"చూశావా," అన్నాడు నాన్న. "సెలవు రోజుల్లో ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణి నేను. అక్క పనిలో ఉంది, కులాసాగా ఉంది అనుకునేవాణ్ణి. మా అక్క చేత ఉత్తి మిషను తొక్కించానే! ఇంక తొక్కించను. వృద్ధాశ్రమంలో మాట్లాడేశాను. సోమవారం చేర్చుకుంటారు. హాయిగా కూర్చుంటుంది."

"అక్కడ అత్తకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళుంటారు నాన్నా! చేతకానివాళ్ళుంటారు! పని లేకపోతే అత్త బతకదు."

"మరి అది ఇందులో రాయలేదే?"

రాయలేదు. రాస్తే వాదన బలం తగ్గుతుందని కావాలనే వదిలేసింది.

"రెండో ఉత్తరంలో ఉంది," అంది ఆదరాబాదరాగా. "మాస్టారికి ఇచ్చాను, దిద్ది రేపు ఇస్తారు. అది విన్నాకే ఏదైనా చెయ్యండి. ఒక్కవైపే విని తీర్పు చెప్పడం న్యాయమా?"

నాన్న ఉత్తరం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"న్యాయం కాదు. ఆదివారం నాకు డ్యూటీ లేదు. అందరం కూర్చుందాం. అది నన్ను ఒప్పించిందా, మా అక్క ఈ గది దాటదు. లేదా, సోమవారం చేరుస్తాను. సరేనా?"

సరే అనక చస్తుందా!

*

మొదటి ఉత్తరానికి ఇరవైకి పద్ధెనిమిది. రెండోదానికి ఏడు.

ఏడు చూసి ప్లీడరమ్మ కంగారుపడలేదు. అడుగున ఎర్ర సిరాతో ఉన్న రెండు వాక్యాలు చూశాక మాత్రం కాగితం పుస్తకం కింద దాచేసింది. "మర్యాద కోసం రాసింది. రాసినవారే నమ్మినట్టు లేదు."

క్లాసంతా వెళ్ళిపోయేదాకా ఆగి, మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, ఈ ఎర్ర మాట కొట్టెయ్యండి. మార్కులు మీ ఇష్టం."

మాస్టారు చేతుల సుద్ద దులుపుకున్నాడు. "మార్కులు పెంచమని ఏడ్చినవాళ్ళని చూశాను. మాట కొట్టెయ్యమన్నదానివి నువ్వే. సరే, ఎందుకు కొట్టెయ్యాలో ఒప్పించు."

చెప్పింది. అమ్మ, నాన్న జేబు, నర్సమ్మ కోట్లు, సోమవారం, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అయ్యో పాపం," అన్నాడు. "నిజంగా పాపమే. అయినా కొట్టెయ్యను."

"ఎందుకండీ?"

"మొదటి ఉత్తరంలో ఆ గది కిటికీ గురించి ఏం రాశావు? ఎనిమిది గంటలకి ఎండ ఎంతమేర పడుతుందో రాశావు. బల్ల వేస్తే పుస్తకాల అల్మారాకి ఇంకా మూడడుగులు మిగులుతుందని రాశావు. రెండోదాంట్లో మీ అత్త గురించి ఏం రాశావు? 'ప్రేమమూర్తి' అని రాశావు. 'ఆమె లేని ఇల్లు ఇల్లు కాదు' అని రాశావు. అమ్మాయ్, అల్మారాకి ఎన్నడుగులో తెలిసినదానివి, మీ అత్త గురించి ఒక్క కొలతైనా చెప్పలేకపోయావే?"

ప్లీడరమ్మ తల దించుకుంది.

"కొలిచావు కదూ ఆ గదిని? టేపు పట్టుకుని?"

"అత్త టేపుతోనే," అంది నోట్లో నోట్లో.

"ఆ గది మీద నీకు ఆశ లేదా?" మాస్టారు ఎర్ర పెన్ను మూత తీసి, కాగితం మీద గీతకి సిద్ధంగా పెట్టాడు. "లేదని ఒక్క మాట చెప్పు. నేను నమ్మేలా చెప్పు. కొట్టేస్తాను."

అయిదో ఏటినుంచి ఏ వాదనలోనూ నోరు మూతపడని పిల్ల. చేపలమార్కెట్టులో కూడా నెగ్గుకొచ్చే పిల్ల. నోరు తెరిచింది. మాట రాలేదు.

మాస్టారు మూత పెట్టేసుకున్నాడు.

శనివారమంతా ప్లీడరమ్మ వంటబల్ల మీద కూర్చుని రెండో ఉత్తరం తిరగరాసింది. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది అత్తే అని రాసింది. ఇప్పుడు ఆవిడకే అక్షరాలు కనిపించవుగా అనే జవాబు దానంతటదే పక్కన వచ్చి కూర్చుంది. జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని చూసింది అని రాసింది. రేపు ఆవిడకి జ్వరం వస్తే ఎవరు చూస్తారు, అని జవాబు. ప్రతి మంచి మాటకీ ఎదురుమాట ముందే తెలిసిపోతోంది. మాస్టారు నేర్పిన చదువు వంటబట్టడమంటే ఇంతే కాబోలు! ఏడు కాగితాలు చింపింది. ఆఖరికి పాతదే తీసి, అడుగున ఎర్ర సిరా కనపడకుండా లోపలికి మడిచింది.

*

ఆదివారం మధ్యాహ్నం ముందు గదిలో అందరూ కూర్చున్నారు. నాన్న స్టూలు మీద. అత్త మిషను ముందు. అమ్మ వంటగదిలోంచి కుర్చీ తెచ్చుకుని కిటికీ పక్కన వేసుకుంది. ఉత్తరంలో రాసిన చోటే.

"మొదలెట్టమ్మా," అన్నాడు నాన్న, చేతి గడియారం చూసుకుని.

ప్లీడరమ్మ చదివింది. గొంతు బాగానే పలికింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ప్రేమమూర్తి దగ్గర అమ్మ గుండీల డబ్బా కదిపింది. ఇల్లు ఇల్లు కాదు దగ్గర వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. అత్త తల వంచుకుని, ఒళ్ళో గుడ్డ అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. చదవడం అయిపోయింది.

"బాగుంది," అన్నాడు నాన్న. ఏదో దొరుకుతుందని ఆశపడి, దొరకనట్టు మొహం పెట్టాడు. "తప్పుల్లేవు. కానీ ఇందులో ఎవరి అత్తనైనా పెట్టుకోవచ్చమ్మా. మా అక్క నాకెక్కడా కనపడలేదు."

అప్పుడు అత్త చెయ్యి చాపింది.

"ఏదీ, ఇలా ఇయ్యి."

ఇన్ని రోజుల తర్వాత అత్త తనతో అన్న మొదటి మాట! ప్లీడరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. కాగితం ఇచ్చేసింది. అత్త దాన్ని చదవబోలేదు. వేళ్ళతో పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చి, అడుగున ఆగింది.

"ఇక్కడ మడత పెట్టావే. ఏముంది ఇందులో?"

"ఏం లేదత్తా."

"ముప్ఫై ఏళ్ళు మడతలు కుట్టిన చేతులే ఇవి. ఊరికే ఎవరూ మడవరు. మీ మాస్టారేం రాశాడు?"

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అది ప్లీడరమ్మకి తెలుసు. తెలిసే అంది.

"బాగా రాశావన్నారు."

అత్త తలూపింది. కాగితం పక్కకి చాపింది. "మరదలా, నువ్వు చదువమ్మా. నీకు నా దగ్గర అబద్ధమాడాల్సిన అవసరం ఇంక లేదుగా."

అమ్మ మడత విప్పింది. ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూసింది. 'వద్దు' అని ప్లీడరమ్మ కళ్ళతోనే బతిమాలింది. అమ్మ కుర్చీలో సర్దుకుని, మెల్లగా, ఒక్క అక్షరం మింగకుండా చదివింది.

"మర్యాద కోసం రాసింది. రాసినవారే నమ్మినట్టు లేదు."

అత్త నవ్వింది. పెద్దగా, హాయిగా, గిరాకీలతో పరాచికాలాడేటప్పటి నవ్వు. ఆ నవ్వుకి నాన్న లేచి నిలబడ్డాడు.

"అక్కా..."

"కూర్చోరా. సోమవారం నేను రానని ఆ వృద్ధాశ్రమంవాళ్ళకి చెప్పు. నన్ను కూర్చోబెట్టి ముద్దలు తినిపించే రోజు ఇంకా రాలేదు. నర్సమ్మ ఉండే హాస్టలుకి పోతాను, మిషను తీసుకుని."

"నీ కళ్ళ సంగతి తెలిస్తే వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వరక్కా!"

"తెలిస్తే కదా! ఉత్తరం నచ్చితే చాలట. ఇంట్లో ఇంత పెద్ద ప్లీడరుని పెట్టుకుని నాకేం దిగులు?" ప్లీడరమ్మ వైపు తిరిగింది. చూపు సరిగ్గా మొహం మీద ఆనలేదు, కొంచెం పక్కగా భుజం మీద ఆనింది. "కాగితం తియ్యి. నా తరఫున రాయి. నా కళ్ళు చక్కగా కనిపిస్తాయని, ఎవరి సాయం అక్కర్లేదని మొదలుపెట్టు."

"నావల్ల కాదత్తా. అది అబద్ధం. నేను నమ్మని మాట ఎలా రాయను?"

"అదేంటే! మొదటిది నమ్మకుండా రాశానన్నావు, మీ నాన్న నమ్మాడు, మీ అమ్మ నమ్మింది, నా గిరాకీలందరూ నమ్మారు. రెండోది నమ్మి రాశానన్నావు, మీ మాస్టారే నమ్మలేదు. నీ చేతి తీరు అర్థమైంది నాకు. అందుకే ఏరి కోరి నువ్వు నమ్మని మాట ఇస్తున్నాను. రాయి."

నాన్న చొక్కా జేబులోంచి పెన్ను తీసి మిషను చెక్క మీద పెట్టాడు. పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడ సూదులకి దారం ఎవరు ఎక్కిస్తారత్తా?" అంది ప్లీడరమ్మ. ఇక ఆపుకోలేక భోరుమంది.

"అది నీకు మాత్రమే తెలిసిన సంగతి," అంది అత్త. "ఈసారి ఉత్తరంలో పెట్టకు."

ప్లీడరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, మిషను చెక్క మీద కాగితం పరుచుకుంది. ముక్కు తుడుచుకుంది. వార్డెనమ్మ ఎలాంటి మనిషో ఆలోచించింది. కొరకరాని కొయ్య. దయ చూపించమంటే చూపించదు, బతిమాలితే వినదు. ఆవిడకి కావలసింది బరువు కాని మనిషి. ఆ ఆలోచన రాగానే వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంది. ఎక్కడా కొట్టివేత లేదు.

"చదువు," అంది అత్త.

"'అమ్మా, నేను మీ దగ్గర ఆశ్రయం అడగడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరివాళ్ళ బట్టలు కుట్టి నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. ఇవాళ్టికీ పొద్దున్న లేచి నా సూదికి నేనే దారం ఎక్కించుకుంటాను.'"

అమ్మ కుర్చీలోంచి లేచి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"బాగుందే," అంది అత్త మెల్లగా. "నాకే నమ్మబుద్ధేస్తోంది. ఊఁ, తర్వాత?"

ప్లీడరమ్మ పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టింది.